ఒకే అడ్రసులో ఇద్దరు

హైమావతి అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: ముంచుకొచ్చే ప్రమాదం సంగతి ఊరంతటికీ తెలిసి, తన బిడ్డ నిద్రపోతున్న ఇంటికి మాత్రం తెలియకపోవడం.

తుపాకీ అంటే ఆమెకి ఇంత భయం లేదు. తుపాకీ ఎదురుగా వస్తుంది, మనిషి చేతిలో ఉంటుంది, తప్పుకోవచ్చు. అందని కబురు అలా కాదు. అది రానే రాదు. డెబ్భై ఏడు ఉప్పెనలో అడవులదీవిలో ఆమె తండ్రి అలాగే పోయాడు. రేడియోలో చెప్పారట. ఆ పూట వాళ్ళ వీధిలో ఏ రేడియోలోనూ బ్యాటరీ లేదు.

ఇరవయ్యేళ్ళ తరవాత, మళ్ళీ నవంబరులోనే, ఒక గురువారం పొద్దున ఆమె తెనాలి జంక్షన్‌లో దిగింది. భుజాన టూల్ కిట్, మెడలో కంప్యూటర్ సర్వీస్ కంపెనీ బ్యాడ్జీ. అలాంటి కంపెనీ ఎక్కడా లేదు. బొంబాయిలో ఉద్యోగం చేసే భర్తతో సహా అందరూ ఆమె కంప్యూటర్లు బాగుచేస్తుందనే నమ్ముతారు. అది అబద్ధమూ కాదు. కాకపోతే ఆమె రిపేరుకి వెళ్ళిన చోట్ల అప్పుడప్పుడూ మనుషులు కూడా మాయమవుతుంటారు.

ప్లాట్‌ఫారం చివర నిమ్మకాయల బస్తా మీద కూర్చుని ఒక ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు.

"ఈ బండి నిజాంపట్నం పోద్దా అండీ?" అంది హైమావతి.

"సముద్రం దాకా పట్టాలేశాక పోద్దమ్మా. కూర్చో."

నిజాంపట్నానికి రైలు లేదు. అందుకే ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరు. ముసలాయన నెరిసిన గడ్డం అంటించుకున్నది. దాని వెనకున్న మనిషి గౌరీశంకరం, ఆమె పనిచేసే గూఢచారి శాఖలో కోస్తా సెక్షన్ చీఫ్.

"శేషగిరి పోయాడు," అన్నాడాయన చుట్ట తియ్యకుండానే.

హైమావతి బస్తా అంచు పట్టుకుంది. శేషగిరి ఆమెకి పని నేర్పిన మనిషి.

"ఎలాగండీ?"

"రేపల్లె పాసింజర్లోంచి జారిపడ్డాడని రాసుకున్నారు. జారిపడ్డ మనిషి మెడ వెనక సూది గుచ్చిన గుర్తుండదు. పిడికిట్లో ఇది ఉంది."

ఆయన నిమ్మకాయల మధ్యలోంచి ఒక చిన్న ఇనప ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మూడు మూతులున్న ముక్క. కంప్యూటర్లని కలిపే కేబుల్‌కి మధ్యలో ఇంకో కంప్యూటర్ తగిలించాలంటే వాడేది. దాన్ని టీ కనెక్టర్ అంటారు.

"బ్లాక్ టైడ్ వాళ్ళా?"

"వాళ్ళే. విదేశీ ముఠా. వర్గా అనేవాడు ఓడలో కూర్చుని నడిపిస్తున్నాడు. మన తుపాను హెచ్చరిక లైను మీద పడ్డారు. బాపట్ల కేంద్రం నుంచి మెసేజ్ మన తెనాలి మీదుగా రేపల్లె కంట్రోల్ రూముకి పోద్ది. అక్కణ్ణుంచి వైర్‌లెస్‌లో తీరం ఊళ్ళకి చెప్తారు. ఈ వారంలో మూడు మెసేజీలు రేపల్లె చేరలేదు. చిన్నవే. చేపల వేటకెళ్ళొద్దు లాంటివి."

"చిన్నవాటితో వాళ్ళకేం పని?"

"రిహార్సలమ్మా. అసలు ఆట ఇవాళ. తీరాన్ని చెవిటిదాన్ని చెయ్యగలమని నిరూపించి, ఆ విద్య అమ్ముకుంటారు. కొనేవాడు వర్గా పక్కనే కూర్చుని చూస్తన్నాడు. నిజం తుపాను, నిజం ఊళ్ళు. శవాలు ఎన్ని లేస్తే రేటు అంత."

రైలు కూత వేసింది. హైమావతికి వినపడలేదు. ఆమె రెండేళ్ళ కూతురు ఆ పూట అడవులదీవిలో అమ్మమ్మ కోటమ్మ దగ్గరుంది. రేపల్లె వైర్‌లెస్ మోగకపోతే ముందు మునిగే ఊళ్ళలో అడవులదీవి ఒకటి.

గౌరీశంకరానికి ఆ సంగతి తెలుసు. "వేరే వాళ్ళని పంపుదామంటే టైం లేదు తల్లీ. రేపల్లెలో మన మనిషి బాలసరస్వతి ఉంది. కంట్రోల్ రూము మేడ మీదే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. ఏం కావాలన్నా అడుగు. ఇంకోటి, దొంగ మిషన్ ఎక్కడుందో పట్టుకోగానే శేషగిరి ఒంటరిగా దాని మీదికి పోయినట్టున్నాడు. నువ్వా పని చెయ్యబాక. వాళ్ళకి అనుమానమొస్తే కేబులే కోసేస్తారు."

వెళ్ళబోతూ ఆయన ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. దాని పిడిలో ఒకే ఒక్క గుండు ఉంది.

*

బాపట్లలో గాలి అప్పటికే దుమ్ము లేపడం మానేసి రేకులు లేపుతోంది. ఫోన్ లైన్లు తెల్లారేసరికే పడిపోయాయి. హెచ్చరిక లైను భూమిలో వేసిన కేబుల్ కాబట్టి బతికుంది.

తుపాను కేంద్రం మేడ మీద గదిలో వెంకట సుబ్బయ్య మఫ్లర్ చుట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గాలి లెక్కల్లో ఆయన్ని మించినవాడు లేడు. కంప్యూటర్‌తో మాత్రం కొత్తల్లుడితో ఉన్నట్టు ఉంటాడు. మర్యాద ఎక్కువ, చనువు తక్కువ.

"మెసేజ్ పోవట్లేదంటే నేనొప్పుకోనమ్మా," అన్నాడు. "ఇదిగో చూడు. నేను పంపగానే రేపల్లె నుంచి 'అందింది' అని జవాబొస్తంది. మూడింటికీ వచ్చింది."

"రేపల్లె కంట్రోల్ రూములో లాజరు గారు ఒక్కటీ అందలేదంటున్నారండి."

సుబ్బయ్య ముక్కుపొడి డబ్బీ తెరిచి, పీల్చకుండానే మూసేశాడు.

"అయితే నాకు జవాబిస్తున్నదెవరమ్మా?"

కిటికీ రెక్క టపటప కొట్టుకుంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఇవాళ్టి సంగతేంటండీ?" అంది హైమావతి.

"మూడింటి రీడింగ్‌తో తేలిపోద్ది. అయితే ఒంగోలు వైపు పోద్ది, లేకపోతే ఇటు తిరిగిద్ది. ఇటు తిరిగితే పొద్దుగూకేలోపు ఊళ్ళు ఖాళీ చేయించాలి. రేడియోవాళ్ళు కోస్తాలో భారీ వర్షాలని చెప్తారుగానీ, ఏ ఊరు ఎప్పుడు లేవాలో చెప్పేది ఈ లైనే. తిరక్కముందే చెప్తే జనం లేవరు. ఒకసారి లేపి ఉత్తిదైతే రెండోసారి అసలే లేవరు."

"బాబాయ్ గారూ, నేను రేపల్లె నుంచి 'పెళ్ళివారు విడిది మార్చారు' అని కొడితే, మీ మూడింటి మెసేజ్ పాత అడ్రసుకీ పంపండి, నేను చెప్పే కొత్త అడ్రసుకీ పంపండి. ఎవరికీ చెప్పొద్దు."

"నాకు చెప్పుకోడానికి ఎవరున్నారమ్మా, ఈ గాలి తప్ప."

*

హైమావతి ఎక్కిన జీపు చెరుకుపల్లి మీదుగా రేపల్లె చేరేసరికి ఆకాశం సీసం రంగుకి దిగింది. కంట్రోల్ రూములో లాజరు ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద డెస్క్‌టాప్ కంప్యూటర్, పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, అటుపక్క వైర్‌లెస్ సెట్టు. లాజరు ప్రింటర్లో కాగితం వస్తే తు.చ. తప్పకుండా వైర్‌లెస్‌లో చదువుతాడు. రాకపోతే చదవడు. ఆయన ఉద్యోగం అంతే.

హైమావతి కూర్చుని పింగ్ కొట్టింది. పింగ్ అంటే ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని "ఉన్నావా?" అని కేకెయ్యడం. తనకి తానే కేకేసుకుంటే పలికింది. నెట్‌వర్క్ కార్డు బాగున్నట్టే. తెనాలిని కేకేస్తే పలికింది. బాపట్లా పలికింది. సెట్టింగుల్లో అడ్రసు సరిగ్గా ఉంది, బయటి లైనుకి దారి చూపే గేట్‌వే సరిగ్గా ఉంది.

"శుభ్రంగా ఉందే," అంది.

"ఇప్పుడుంటదండి. డాక్టరొచ్చినప్పుడు పిల్లోడికి జొరం తగ్గినట్టు. మీ ముందొచ్చిన శేషగిరి సార్‌కీ ఇంతే. విండోస్ అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాడు. మర్నాడు మళ్ళీ అదే పాట."

"చెడిపోయేటప్పుడు ఏమవుతుందండీ?"

"ఒక మెసేజ్ వస్తదండి, ఇంగ్లీషులో. కింద ఓకే అని ఉంటది. కొట్టేస్తాను. పోద్ది."

"చదవలేదా?"

"ఓకే అని వాళ్ళే అంటంటే ఇంక చదివేదేముందమ్మా?"

"ఒక్క ముక్కైనా గుర్తుందా?"

లాజరు తల గోక్కున్నాడు. "కాన్‌ఫ్లిక్టు అని ఉంటదండి."

హైమావతికి ఆ మాట తెలుసు. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక అడ్రసు ఉంటుంది, ఇంటి నంబరులాగ. ఒకే నంబరు ఇంకో కంప్యూటర్ కూడా పెట్టుకుంటే విండోస్ అరిచేది ఆ అరుపే. ఈ కేబుల్ మీదే ఎక్కడో రేపల్లె కంప్యూటర్ పేరు పెట్టుకున్న దొంగ కంప్యూటర్ ఇంకోటి ఉంది. అది లేచినప్పుడల్లా ఉత్తరాలన్నీ దానికే పోతున్నాయి. "అందింది" అని సంతకం పెడుతున్నది అదే.

ఆమె లాజరు వైపు చూసింది. గదిలో ఉండేది ఈయనొక్కడే. ఓకే కొట్టేది ఈయనే. స్క్రూడ్రైవర్ మీద వేళ్ళు బిగిశాయి.

"ఏయే రోజుల్లో వచ్చిందండీ?"

"సోమవారం పొద్దున్నే తొమ్మిదింటికి. అప్పుడే సైకిల్ స్టాండేశాను. మంగళవారం నాలుగున్నరకి, టీ తాగుతున్నాను. నిన్న ఒకటిన్నరకి, క్యారేజీ కడుగుతున్నాను. పద్ధతీ పాడూ లేదండి దానికి. పిచ్చిదానిలాగ."

అంతలో ముందు సెంటు వాసన వచ్చింది, వెనక మనిషి. లేత నీలం జార్జెట్ చీర, నుదుటి మీదికి నెట్టిన చలవ కళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు. ఆ గోళ్ళని చూడ్డానికే ఊళ్ళో కుర్రాళ్ళు డాస్ కోర్సులో చేరారని అంటారు.

"బాలసరస్వతి," అంది నవ్వుతూ. కాఫీ ఫ్లాస్క్ బల్ల మీద పెట్టింది. "వదినా, మొహం ఏంటి అలా పీక్కుపోయింది? పాప అడవులదీవిలో ఉందంటగా. నాకు చెప్పారు. నేనుండగా నీకేం భయం?"

ఆ మాట ఎంత మెత్తగా అందంటే, హైమావతికి ఏడుపొచ్చినంత పనైంది. "మీ ఇన్‌స్టిట్యూట్‌లోంచి ఒక సిస్టం ఇప్పుడే దించి ఇక్కడ తగిలిస్తారా వదినా? లైను మీద ఎవరెవరున్నారో చూడాలి."

"మూడు దాటనీ," అంది బాలసరస్వతి. చేతి గడియారం చూసుకుంది. "ఇవాళ గురువారం గదా, మూడింటిదాకా రాహుకాలం. నేను ముట్టుకోను. నవ్వబాక. మా బామ్మ పెంపకం, ఎన్ని దేశాలు తిరిగినా పోలేదు."

ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. సెంటు వాసన కాసేపు ఉంది.

లాజరు ఫ్లాస్క్ మూత తీస్తూ అడిగాడు. "ఏంటమ్మా ఈ రాహుకాలం? మాకు ఉండదు గదా, తెలవదు."

"రోజుకో గంటన్నర బాబాయ్. కొత్తపని మొదలుపెట్టరు. సోమవారం..."

ఆమె గోడ గడియారం వైపు చూసింది.

సోమవారం రాహుకాలం వెళ్ళేది పొద్దున తొమ్మిదింటికి. మంగళవారం నాలుగున్నరకి. బుధవారం ఒకటిన్నరకి. హైమావతి అత్తగారింట్లో క్యాలెండర్ పక్కనే ఉయ్యాల. ఆ టైములు చూడకుండా చెప్పగలదు. ఈ రోగానికి పద్ధతి ఉంది. మంచి టైం చూసుకుని మరీ వస్తోంది. ఇది ఓడలో కూర్చున్న వర్గా పద్ధతి కాదు. ఢిల్లీలో ఎంత పెద్ద ఇంజినీరుకీ తట్టదు. ఎవరి బామ్మో పెంచిన మనిషి చెయ్యి ఇది.

"ఆ కాఫీ తాగకండి," అంది నెమ్మదిగా.

లాజరు కప్పు కింద పెట్టేశాడు. హైమావతి బల్ల కిందికి వంగి కేబుల్ చేత్తో తడుముతూ పోయింది. లాజరు బల్ల దగ్గర ఆగిపోవాల్సిన కేబుల్ ఆగలేదు. గోడకి వేసిన సున్నమే దానికీ వేసి ఉంది. బీరువా వెనకనుంచి పైకి పాకి, అటక కన్నంలోంచి మేడ మీదికి పోయింది.

టైం మూడుకి పావుగంట తక్కువ. శేషగిరి ఇక్కడిదాకా వచ్చి మెట్లెక్కాడు. తను ఎక్కదు. మనుషులు మారువేషం వేసినట్టు ఇవాళ కంప్యూటర్ వెయ్యాలి.

ఆమె బాపట్లకి టైపు కొట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: పెళ్ళివారు విడిది మార్చారు. ఇంటి నంబరు ఇరవై మూడు.

జవాబు ఒక్కొక్క అక్షరం పుట్టుకొస్తున్నట్టు వచ్చింది. సరే అమ్మా. మార్చాలంటే ఎక్కడ నొక్కాలి?

హైమావతి పళ్ళు బిగించి టైపులోనే చెప్పింది. ఇక్కడ నొక్కండి. అక్కడ కాదు. ఇప్పుడు రాయండి. ఇప్పుడు ఎంటర్. చివరికి "సుఖీభవ" అని వచ్చింది.

తరవాత రేపల్లె కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి పాత అడ్రసు చెరిపి కొత్తది పెట్టింది. ఓకే కొట్టింది. కంప్యూటర్ విండోస్ సీడీ పెట్టమని అడిగింది.

"సీడీ ఏదండీ?"

"మేడ మీద అమ్మగారు అడిగితే ఇచ్చానండి," అన్నాడు లాజరు.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కావాల్సిన ఫైళ్ళు హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. వద్దు, దాటెయ్, దాటెయ్ అని కొట్టుకుంటూ పోయింది. ఇప్పుడు కంప్యూటర్‌ని మళ్ళీ స్టార్ట్ చెయ్యాలంది. చేసింది. తెర మీద విండోస్ మబ్బుల బొమ్మ వచ్చి కూర్చుంది. అది కదలదు. బయట మబ్బులు మాత్రం పరిగెడుతున్నాయి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"వదినా," పైనుంచి బాలసరస్వతి గొంతు, సగం మెట్ల దగ్గర ఆగి. "ఏంటి, రీస్టార్ట్ చేస్తున్నావా? బీప్ వినపడింది."

"అవును వదినా. ఏం తోచక. మన శేషగిరి గారి లాగే నేనూ విండోస్ తుడిచేద్దామనుకుంటున్నా."

చిన్న నవ్వు. "తుడువు, తుడువు." చెప్పుల చప్పుడు పైకి వెళ్ళిపోయింది.

తెర వెలిగింది. హైమావతి తెనాలికి పింగ్ కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. లేదు. సెట్టింగులు తెరిచి అంకె అంకె వేలుపెట్టి చదివింది. కంగారులో మూడో గడిలో రెండు బదులు మూడు కొట్టేసి ఉంది. కంప్యూటర్ వేరే వీధిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

"ఒక్క అంకెకే అంత అలకా దానికి?" అన్నాడు లాజరు.

"ప్రార్థన చెయ్యండి బాబాయ్."

"మొదలుపెట్టి చాలాసేపైందమ్మా."

అంకె మార్చింది. మళ్ళీ రీస్టార్ట్. మళ్ళీ మబ్బులు. గోడ గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది. మేడ మీద ఫ్యాన్ తిరిగిన చప్పుడు సన్నగా వినపడింది. ఫ్యాన్ కాదు అది. కంప్యూటర్ లేచిన చప్పుడు.

రాహుకాలం వెళ్ళిపోయింది. పాత అడ్రసులోకి దొంగ దిగింది.

కింద తెర వెలిగింది. హైమావతి పింగ్ కొట్టింది. తెనాలి పలికింది. ఆమె ఊపిరి వదిలేలోపే ప్రింటర్ కీచుమంది. కాగితం జానెడు బయటికి వచ్చింది. లాజరు దాన్ని లాక్కుని చదివి, సిలువ గుర్తు వేసుకున్నాడు.

పదో నంబరు ప్రమాద సూచిక. తుపాను ఇటే తిరిగింది.

"చదవండి," అంది హైమావతి. "ముందు అడవులదీవికి."

అప్పుడు మెట్లెక్కింది.

*

ఇన్‌స్టిట్యూట్ ఖాళీగా ఉంది. చివరి గదిలో బాలసరస్వతి కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. తెర మీద అదే హెచ్చరిక. చెవి దగ్గర సూట్‌కేసంత పెట్టెలోంచి తీసిన శాటిలైట్ ఫోను.

"అందింది. మింగేశాను. మిస్టర్ వర్గా, మీ పార్టీకి చెప్పండి, ఒక్క ఊరికీ కబురు వెళ్ళలేదని..."

కింద రోడ్డు మీద జీపు మైకు కేక వేసింది. "పదో నంబరు! అందరూ బడి మేడల మీదికి పోవాలహో!"

బాలసరస్వతి మొహంలో రంగు దిగిపోయింది. తిరిగి చూసింది. ఫోను జారింది. రెండో చేతిలోకి చిన్న పిస్టల్ వచ్చింది.

"చేతులు వెనక్కి పెట్టి గోడకి ఆను. ఎలా తెలిసింది?"

"నువ్వు టైం బాగా చూస్తావు వదినా."

బాలసరస్వతికి అర్థమవడానికి క్షణం పట్టింది. తరవాత పిచ్చిగా నవ్వింది. "వర్గా నెత్తీ నోరూ బాదుకున్నాడు, రెండున్నరకే ఎక్కమని."

"ఆ ఊళ్ళు నీకు తెలుసు. అక్కడి మనుషులు నీకు చేపలు తెచ్చిచ్చేవాళ్ళు."

"డిపార్టుమెంటు నాకిచ్చేది మెడల్. అదీ చచ్చాక. వీళ్ళు ఇచ్చేది పాస్‌పోర్టు. ఇంకా అయిపోలేదులే." పిస్టల్ దించకుండా ఎడమ చేత్తో కీబోర్డు మీద టకటక కొట్టింది. "తుపాను దిశ మారింది, ఎవరూ కదలొద్దు. బాపట్ల పేరుతో, లైను మీదున్న అన్ని అడ్రసులకీ. నువ్వు పెట్టుకున్న కొత్త అడ్రసుకీ వస్తది. మీ లాజరు కాగితంలో ఏముంటే అది చదువుతాడు గదా?"

చదువుతాడు. హైమావతికి తెలుసు. ఇళ్ళలోంచి బయటికొచ్చిన జనం మళ్ళీ ఇళ్ళలోకి పోతారు.

గోడకి ఆనిన ఆమె వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. కేబుల్ కొస. కొసకి ఒక చిన్న ఇనప టోపీ. టర్మినేటర్. లైను చివర అది ఉంటేనే లైనంతా మాట్లాడుతుంది. ఊడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పావు మలుపు చాలు.

బాలసరస్వతి ఎర్రటి గోరు ఎంటర్ మీదికి దిగింది. హైమావతి వేళ్ళు తిరిగాయి.

తెర మీద ఇసుక గడియారం గుర్తు తిరుగుతూ తిరుగుతూ ఆగింది. పంపడం కుదరలేదు.

బాలసరస్వతి మళ్ళీ కొట్టింది. మళ్ళీ. ఆ మూడో దెబ్బకి పిస్టల్ బెత్తెడు పక్కకి జరిగింది. హైమావతికి అది చాలు. వెనక నడుముకి దోపుకున్న స్క్రూడ్రైవర్ చేతిలోకొచ్చి పేలింది. పిస్టల్ నేల మీద పడింది. బాలసరస్వతి మణికట్టు పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఫోనులోంచి వర్గా గొంతు "హలో? హలో?" అంటూనే ఉంది.

హైమావతి ఫోను తీసింది. "రాంగ్ నంబర్," అని పెట్టేసింది.

గౌరీశంకరం పోలీసులతో వచ్చేసరికి ఆయన గడ్డం ఒక చెంప మీద వానకి ఊడి వేలాడుతోంది. ఎవరూ నవ్వలేదు.

*

కింద వైర్‌లెస్ గరగరమంటోంది. ఒక్కో ఊరూ పలుకుతోంది. హైమావతి లాజరు చేతిలోంచి మైకు లాక్కుంది.

"అడవులదీవి! బాలస్వామీ! అందరూ వచ్చారా?"

అవతల బాలస్వామి, ఊరి వైర్‌లెస్ మనిషి. "వచ్చేశారక్కా. బడి మేడ నిండిపోయింది."

"మా అమ్మ?"

"కోటమ్మత్తేగా? పాపని కొంగులో మూటగట్టుకుని అందరికంటే ముందొచ్చింది. మేకని కూడా తెస్తానని నాతో పోట్లాట. పాప నిద్రలో ఉంది."

హైమావతి బల్లకి ఆనుకుంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ సగంలో ఆగిపోయాయి. అందరూ వచ్చేశారు. అందింది. ఈ వారమంతా బాపట్లలో సుబ్బయ్య గారు కూడా 'అందింది' అన్న మాటే నమ్మి నిద్రపోయారు.

"బాలస్వామీ, మా అమ్మ పక్కింటి అంకమ్మ వచ్చిందా?"

గరగర.

"అంకమ్మ పురిటాలు గదక్కా. ఇంకా స్నానం కాలేదు. మైల. మేడ మీద అందరూ ఉంటే... వాళ్ళాయన ఊళ్ళో లేడు... ఎవరో ఒకళ్ళు చెప్పే ఉంటారని..."

"ఎవరు చెప్పారు?"

ఆమె మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"బాలస్వామీ, నువ్వు వెళ్ళు. ఇప్పుడే. నీ చేతుల్తోనే బిడ్డని ఎత్తుకో. ఎవరన్నా మైలంటే నా పేరు చెప్పు."

తరవాత వైర్‌లెస్ చాలాసేపు మాట్లాడలేదు. గాలి రేపల్లె ఇళ్ళ మీద బండరాళ్ళు దొర్లిస్తున్నట్టుంది. లాజరు ప్రార్థన ఈసారి పైకే చేశాడు. గౌరీశంకరం చుట్ట వెలిగించుకోవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. హైమావతి మైకు వదల్లేదు.

వైర్‌లెస్ పలికినప్పుడు బాలస్వామికి ఆయాసంతో మాట సరిగ్గా రాలేదు. అతని గొంతు వెనక సన్నగా, కోపంగా, పురిటి బిడ్డ ఏడుపు వినపడింది.

"తలుపు గడియేసుకుని పడుకుందక్కా," అన్నాడు. "అసలు ఏమీ తెలవదు ఆమెకి."

అంకమ్మ గుడిసె ఆ సాయంత్రం నీళ్ళలోకి పోయింది. అంకమ్మ పోలేదు. సముద్రంలో ఓడ వెనక్కి తిరిగిందనీ, కొనడానికొచ్చినవాడు బేరం మానుకున్నాడనీ తరవాత తెలిసింది. వర్గా ఇంకా ఎక్కడో ఉన్నాడు.

అందుకే ఇది చదివినవాళ్ళని అడిగేది ఒక్కటే. గాలి పెరిగిన రోజున, మీ వీధిలో పురిటాలు ఉంటే, ఎవరో చెప్పే ఉంటారనుకోకండి. మీరే వెళ్ళి తలుపు కొట్టి, ఆమె ఎలా ఉందో చూసి రండి. మైలంటారా? స్నానం చేస్తే పోయేదే. ఆ వానలో వెళ్ళొస్తే ఆ స్నానం కూడా అయిపోయినట్టే.